కాలేజీ ఆట ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చాక క్వార్టర్‌బ్యాక్ పని ఎక్కడ మారుతుంది?

శనివారం_ఆట:
మేం ఉండేది టెక్సాస్‌లో. శనివారం కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ (అదే ఆట ప్రొఫెషనల్ లీగ్), రెండూ వదలకుండా చూస్తాను. ఇప్పుడు రెండింట్లోనూ అదే షాట్‌గన్ (క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపి పాస్‌లు వేసే ఆటగాడు, కొన్ని అడుగులు వెనక నిలబడి బంతి అందుకోవడం), అదే జోన్ రీడ్ (ఒక డిఫెండర్‌ని చూసి బంతి రన్నింగ్ బ్యాక్‌కి ఇవ్వాలో, తనే పరుగెత్తాలో తేల్చుకోవడం), అదే ఆర్‌పీఓ (పరుగా, పాసా అన్నది ఆట మొదలయ్యాక ఎంచుకోవడం). మరి కాలేజీలో ఇరగదీసిన క్వార్టర్‌బ్యాక్ ఇక్కడికొచ్చి ఎందుకు తడబడతాడు? డిఫెన్స్ వేగంగా ఉంటుంది అన్న జవాబు నాకు చాలడం లేదు, కాలేజీ నుంచి వచ్చి ఇక్కడ రాణించిన బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ ఆడేదీ ఆ డిఫెన్స్ మీదే కదా. కోచ్‌లు ఏం మారుస్తారు, ఏం అలాగే ఉంచుతారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

హడిల్:
అసలు తేడా స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందు ఉంటుందండీ. చాలా కాలేజీ టీములు హడిల్ (ప్లే, అంటే తర్వాతి ఎత్తు, చెప్పుకోడానికి గుండ్రంగా చేరడం) కట్టవు. లైన్ మీద నిలబడి అందరూ సైడ్‌లైన్ వైపు తల తిప్పుతారు, అక్కడ బొమ్మల బోర్డులు, చేతి సైగలు ఉంటాయి, డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి ప్లే మార్చేది కోచే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో ఉంది (కాలేజీ పై స్థాయికి 2024లోనే వచ్చింది), కానీ ప్లే క్లాక్‌లో (స్నాప్‌కి ఇచ్చిన గడువులో) 15 సెకన్లు మిగిలేసరికి అది ఆగిపోతుంది. అక్కడి నుంచి అతనొక్కడే. అప్పటికే పొడవాటి ప్లే పేరు హడిల్‌లో తప్పు లేకుండా చెప్పి ఉండాలి, లైన్ దగ్గరికొచ్చి మిడిల్ లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్ ముందు వరసకి వెనక మధ్యలో నిలబడేవాడిగా) ఎవర్ని లెక్కేసుకోవాలో వేలు పెట్టి చూపించాలి (ఎవరు ఎవర్ని ఆపాలన్నది దాని మీదే తేలుతుంది), బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లు తన మీదకి దూకడం) వాసన తగిలితే ప్రొటెక్షన్ (తనని కాపాడే బ్లాకింగ్) అటు నుంచి ఇటు తిప్పాలి. ఇవేవీ అలవాటు లేకుండా వచ్చిన కుర్రాడికి చేయి ఎంత బలంగా ఉన్నా తల తిరిగిపోతుంది. కొన్ని టీముల్లో ప్రొటెక్షన్ పని అనుభవమున్న సెంటర్‌కి (బంతి వెనక్కి అందించే లైన్‌మన్‌కి) అప్పగిస్తారు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి కోచ్ చేయగలిగిన అతి పెద్ద సాయం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

హ్యాష్_మార్క్:
మైదానం సంగతి కూడా చూడండి. కాలేజీలో హ్యాష్ మార్కుల (ప్రతి ప్లే ఆ గీతల మధ్య నుంచే మొదలవుతుంది) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో బంతి ఒక పక్కకి ఉంటే రెండో పక్క బోలెడు ఖాళీ, అక్కడ రిసీవర్లను పరిచేస్తే డిఫెన్స్ సాగిపోయి ఎటు వస్తుందో ముందే కనిపించేస్తుంది. ఇక్కడ బంతి ఎప్పుడూ దాదాపు మధ్యలోనే, కాబట్టి డిఫెన్స్ చివరి దాకా దాచుకోగలదు.

ఆర్‌పీఓ కూడా పేరుకే అదే. లైన్‌మెన్ పరుగుకి అన్నట్టే బ్లాక్ చేస్తూ ముందుకెళ్తారు, క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి లైన్‌బ్యాకర్ ఒక్కడినే చూస్తాడు. వాడు ముందుకు అడుగేశాడా, వాడి వెనక ఖాళీలోకి స్లాంట్ (ఏటవాలుగా లోపలికి పరుగెత్తే రిసీవర్‌కి పాస్). కాలేజీలో లైన్‌మెన్ 3 గజాలు ముందుకెళ్లాక కూడా పాస్ వేయొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అంటే బంతి చేతిలోంచి చాలా త్వరగా పోవాలి, లేదంటే ఫ్లాగ్ (ఫౌల్) పడుతుంది. అందుకే ఇక్కడి కోచ్‌లు పొట్టి పాస్‌లు ఉంచుకుని, ఆలస్యంగా తెరుచుకునేవి చాలావరకు తీసేశారు. 2017 సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) దాకా వెళ్లి గెలిచిన ఆటలో ఈ పాస్‌ల పాత్ర చాలా ఉంది.

శనివారం_ఆట:
చాలా బాగా చెప్పారు. అయితే కుర్రాడికి తెలిసిన ఆటే ఆడించేస్తే సరిపోదా?

బాల్టిమోర్_వైపు:
మొదట్లో సరిపోతుంది, అక్కడే ఆగిపోతే మాత్రం కష్టం. 2012లో వాషింగ్టన్ కొత్త క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్‌కి జోన్ రీడ్, పిస్టల్ (షాట్‌గన్ కంటే కాస్త దగ్గరగా నిలబడే పద్ధతి) ఇచ్చింది, అఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడు ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు, టీము 10-6 (10 గెలుపులు, 6 ఓటములు). 2013 జనవరి ప్లేఆఫ్‌లో సియాటిల్ మీద మోకాలు పోయింది, మళ్లీ ఆ స్థాయి రాలేదు. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బలు తప్పించుకోవడం కూడా నేర్పాలి, లేకపోతే స్కీమ్ ఎంత మంచిదైనా మనిషి మిగలడు.

బాల్టిమోర్ 2019లో లమార్ కోసం ప్లేబుక్‌నే కొత్తగా కట్టింది. ఆ ఏడు టీము బంతితో పరుగెత్తి సాధించిన దూరం 3,296 గజాలు, లీగ్ రికార్డు, అందులో లమార్‌వే 1,206. అయినా అక్కడితో ఆగలేదు. 2023లో జార్జియా యూనివర్సిటీ నుంచి టాడ్ మంకెన్‌ని కోఆర్డినేటర్‌గా (దాడి నడిపే కోచ్‌గా) తెచ్చారు, లైన్ దగ్గర ప్లే మార్చే స్వేచ్ఛ లమార్‌కి పెరిగింది, రెండో ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది. కాలేజీ కోచ్ వచ్చాక క్వార్టర్‌బ్యాక్ బాధ్యత తగ్గలేదు, పెరిగింది. నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

హడిల్:
క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ మొదటి ఏడు కూడా చూడండి. 2024లో వాషింగ్టన్‌లో కోఆర్డినేటర్ క్లిఫ్ కింగ్స్‌బరీ అతన్ని హడిల్ లేకుండా షాట్‌గన్‌లోనే ఎక్కువగా ఆడించాడు, అంతకుముందు ఏడు 4-13 ఉన్న టీము 12-5కి వెళ్లింది. రీప్లేలు దొరికితే స్నాప్‌కి ముందు అతని చూపు సైడ్‌లైన్ మీద ఉందా, సేఫ్టీల (డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాళ్ల) మీద ఉందా గమనించండి.