కాలేజీ క్రీడాకారిణుల ఆరోగ్యంపై పరిశోధన చేయాలి, డబ్బు ఎక్కడ అడగాలి?

కాన్సాస్ నుంచి (సొంత ఊరు గుంటూరు):

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులోనే వచ్చాను. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడ కైనీసియాలజీలో (శరీర కదలికల శాస్త్రంలో) పీహెచ్‌డీ మొదలుపెట్టాను. అక్కడ కాలేజీ జట్టులో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. మేము ఏం తింటున్నామో, ఎంతసేపు నిద్రపోతున్నామో, నెలసరి సరిగా వస్తోందో లేదో అడిగినవారు ఎవరూ లేరు. అదే విషయం మీద ఇక్కడి కాలేజీ క్రీడాకారిణులతో పని చేయాలని ఉంది. నా జీతం ల్యాబు నుంచి వస్తుంది గానీ, అధ్యయనం ఖర్చులకు చిన్న గ్రాంటు నన్నే చూసుకోమన్నారు మా గైడ్. ఎన్‌ఐహెచ్ (ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) పేజీలు తెరిస్తే తల తిరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతారా?

న్యూజెర్సీ నుంచి (ఊరు విజయవాడ):

అమ్మాయీ, ఏమీ అనుకోకు. ఆటల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఎవరిస్తారు? ఇప్పటికైనా డేటా సైన్సుకు మారే వీలుందేమో కనుక్కో.

కొలంబస్ నుంచి (ఊరు తెనాలి):

బాబాయిగారూ, అమ్మాయి దారి ఖర్చులు అడిగితే మీరు వెళ్ళే ఊరే మార్చుకోమంటున్నారు.

చెల్లీ, నీకు దక్కనివాటిని ముందే పక్కన పెట్టు. ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్31 అనే పీహెచ్‌డీ ఫెలోషిప్, ఎన్‌ఎస్‌ఎఫ్ (ప్రభుత్వ సైన్సు నిధుల సంస్థ) వారి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఈ దేశ పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు వాటి దరఖాస్తు చదవడం కూడా వృథా. ఎన్‌ఐహెచ్‌లోనే ఆర్21 అనే గ్రాంటు ఉంది, రెండేళ్ళకు 2,75,000 డాలర్ల దాకా ఇస్తారు. అది మీ గైడ్ పేరు మీద వెళ్ళాల్సింది. నీ దగ్గర తొలి ఫలితాలు ఉంటే ఆయనే రేపు నిన్ను అందులో చేర్చుకుంటారు. ఆ తొలి ఫలితాలు తెచ్చుకోవడానికే నీకు చిన్న గ్రాంటు కావాలి.

నీ అంశానికి దగ్గరి చోటు ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీల క్రీడలను నడిపే సంస్థ. 1905లో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాల్లో విద్యార్థులు చనిపోతుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీలను పిలిపించి మాట్లాడాడు. ఆ అలజడిలోంచి 1906లో పుట్టిన సంస్థ ఇది. ప్రాణాలు కాపాడాలని పుట్టిన సంస్థకు మొదటి ముఖ్య వైద్యాధికారి రావడానికి 2013 దాకా పట్టిందంటే ఏమనాలో నువ్వే చెప్పు. సరే, డబ్బు సంగతి. పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం వాళ్ళకు ఒక గ్రాంటు ఉంది, గరిష్ఠంగా 7,500 డాలర్లు. రెండోది క్రీడాకారుల మానసిక ఆరోగ్యం, క్షేమం కోసం ఇచ్చేది, 10,000 నుంచి 30,000 డాలర్లు. ఈ రెండోదానికి ప్రశ్నపత్రాలు పంచి, పట్టికలు గీసి, వ్యాసం రాస్తాను అంటే చాలదు. మిగతా కాలేజీలు కూడా వాడుకోగలిగిన పద్ధతో, శిక్షణో, కరదీపికో చివరికి చేతిలో పెట్టాలి. నీ ప్రతిపాదనలో మొదటి పేజీలోనే ఆ వస్తువు కనపడాలి. వీటికి తోడు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఫౌండేషన్, అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం ఫౌండేషన్ కూడా విద్యార్థులకు చిన్న మొత్తాలు ఇస్తాయి. సభ్యత్వం అడిగేవి ఉంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకో.

నన్నడిగితే డబ్బు కన్నా కష్టమైనది క్రీడాకారిణులను కలవడం. కాలేజీ జట్టు చుట్టూ పెద్ద గోడ ఉంటుంది. దెబ్బ తగిలితే చూసేది, మళ్ళీ ఆడవచ్చో లేదో తేల్చేది అథ్లెటిక్ ట్రైనర్, జట్టు డాక్టరు. ముందు వెళ్ళి ఆ ట్రైనర్‌ను కలువు. దరఖాస్తు రాయకముందే కలువు. "మీకు ఏ విషయం తెలిస్తే పని తేలికవుతుంది?" అని అడుగు. ఆమె చెప్పే జవాబు, నీ మనసులో ఉన్న ప్రశ్న ఎక్కడ కలుస్తాయో అక్కడే నీ అధ్యయనం ఉంటుంది. క్రీడా విభాగం ఇచ్చే సహకార లేఖ లేని దరఖాస్తును పరీక్షకులు ఎందుకు నమ్మాలి?

ప్రశ్నను కుదించు. తిండి, నెలసరి, నిద్ర, దిగులు నాలుగూ ఒకేసారి అంటే 7,500 డాలర్లు రెండు వారాలు రావు. వ్యాయామానికి సరిపడా తిండి అందక శరీరం దెబ్బతినే స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, 2023లో ఆ పత్రాన్ని తిరగరాసింది. దాన్ని పసిగట్టడానికి లీఫ్-క్యూ అనే ప్రశ్నపత్రం ఉంది. అది దూరపు పరుగుల వంటి ఆటలు ఆడే ఆడవాళ్ళ మీద పరీక్షించి తయారు చేసినది. కాబట్టి బాస్కెట్‌బాల్ జట్టు కన్నా క్రాస్ కంట్రీ (దూరపు పరుగుల) జట్టుతో మొదలుపెట్టడం మేలు. ఎముకల సాంద్రత స్కానింగు అందరికీ పెట్టకు, బడ్జెట్ అక్కడే ఆవిరైపోతుంది.

దిగులు గురించి అడగదలిస్తే ఒక హెచ్చరిక. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయి ఫోనులో ఆ ప్రశ్నకు "కొన్ని రోజులు" అని నొక్కితే ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో పిలుస్తారు? ఈ జవాబు లేకుండా నైతిక సమీక్ష బోర్డు, అంటే ఐఆర్‌బీ, నీ కాగితం ముట్టదు. ముట్టకూడదు కూడా. 988 అనే ఆత్మహత్య నివారణ సహాయ సంఖ్య రాసి వదిలేస్తే చాలదు, కౌన్సెలింగ్ కేంద్రంతో ముందే మాట్లాడి ఉంచు.

ఇంకొక మాట. జవాబులు కోచ్ కంటపడే వీలు రవ్వంత కూడా ఉండకూడదు. పన్నెండు మంది ఉన్న జట్టులో "మూడో సంవత్సరం, విదేశీ విద్యార్థిని" అని పట్టికలో వేస్తే పేరు రాసినట్టే. ఆడేవాళ్ళకు స్థానం పోతుందన్న భయం ఉంటుంది. ఒక్కసారి సందేహం వస్తే ఆ జట్టు మొత్తం అబద్ధమే రాస్తుంది.

పాల్గొన్నందుకు గిఫ్టు కార్డు ఇవ్వాలనుకుంటే క్రీడా విభాగంలో నిబంధనలు చూసే కాంప్లయన్స్ ఆఫీసును ముందు అడుగు. గ్రాంటు నుంచి నువ్వు జీతం తీసుకుంటే మటుకు టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల హద్దు గుర్తుంచుకో. ల్యాబు గంటలూ అందులోనే లెక్క. విదేశీ విద్యార్థుల ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తీసుకో.

ఆన్ ఆర్బర్ నుంచి (ఊరు మంగళగిరి):

అక్కయ్యగారి మాటలు బాగున్నాయి గానీ, ఒక్కచోట ఒప్పుకోను. కొత్త డేటా ఎందుకు ముందు? ఎన్‌సీఏఏ గాయాల నమోదు 1982 నుంచి నడుస్తోంది, ఇప్పుడు ఇండియానాపోలిస్‌లోని డాటాలిస్ సెంటర్ చూస్తోంది. పరిశోధకులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మెదడు అదురు గాయాల మీద 2014లో ఎన్‌సీఏఏ, అమెరికా రక్షణ శాఖ కలిసి 3 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన పని నుంచి వచ్చిన కేర్ అధ్యయనం ఎంత పెద్దదో చూడండి. ఉన్న డేటాతో ఒక పేపరు రాస్తే, గ్రాంటు దరఖాస్తులో "ఈ అమ్మాయి పని పూర్తి చేయగలదు" అనడానికి సాక్ష్యం ఉంటుంది.

కొలంబస్ నుంచి (ఊరు తెనాలి):

తమ్ముడూ, గాయాల పట్టికలో నెలసరి ఎక్కడుంది? అలసటతో ఎముక చిట్లిన కేసులు అందులో దొరుకుతాయి, వాటి వెనక తిండి సంగతి దొరకదు. ఎముక చిట్లడం ఏయే ఆటల్లో ఎక్కువో చూపించడానికి నీ డేటా వాడుకోమను, ఆ వరకు ఒప్పుకుంటాను.

కాన్సాస్ నుంచి (సొంత ఊరు గుంటూరు):

అక్కా, అన్నయ్యగారూ, చాలా కృతజ్ఞతలు. విజయవాడ, గుంటూరు క్రీడాకారిణులను కూడా చేర్చి పోల్చవచ్చా? విజయవాడలో విలుకాళ్ళు చాలామంది ఉన్నారు కదా.

కొలంబస్ నుంచి (ఊరు తెనాలి):

ఈ గ్రాంటులో వద్దు. ఈ డబ్బు ఎన్‌సీఏఏ కాలేజీల విద్యార్థుల కోసం. అక్కడ ఇంకో నైతిక కమిటీ అనుమతి కావాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి, విదేశీ నిధులంటే ఇంకొన్ని అనుమతులు. పైగా విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ ఊరని విలువిద్య తీసుకుంటే నీ ప్రశ్న కుదరదు, తిండి లోటు ఎక్కువగా బయటపడేది దూరపు పరుగుల్లో, బరువు తగ్గించుకోవాల్సిన ఆటల్లో. నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య కాలేజీ ఉంది. అక్కడి అధ్యాపకులకు ఇప్పుడే ఉత్తరం రాసి పరిచయం పెంచుకో, పీహెచ్‌డీ మూడో ఏటికి పనికొస్తుంది.

డాలస్ నుంచి (ఊరు విజయవాడ, పటమట):

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అక్క కూతురు బెజవాడలోనే ఇంటర్ చదువుతూ రోజూ పొద్దున్నే ఇందిరా గాంధీ స్టేడియంలో పరుగు సాధన చేస్తుంది. నాలుగు నెలలుగా నెలసరి లేదట. కోచ్ "బాగా కష్టపడుతున్నావన్నమాట" అన్నారట. నిజమేనా?

కొలంబస్ నుంచి (ఊరు తెనాలి):

కాదమ్మా. మూడు నెలలు దాటితే డాక్టరుకు చూపించాల్సిందే, సాధన ఎంత కఠినమైనా సరే. ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళమనండి. కాలి ఎముకలో ఒకేచోట నొప్పి ఉందేమో అడగండి, ఉంటే పరుగు ఆపి ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పమనండి. పొద్దున ఏమీ తినకుండా మైదానానికి వెళుతోందా?