సమస్యాపూరణం: "కరిగినట్టి యుప్పు గట్టిపడియె"

నిర్వాహకుడు, విజయవాడ: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీవి. ఈసారి గుంటూరు నుంచి కెమిస్ట్రీ లెక్చరర్ గారు కూడా చూస్తున్నారు, కాబట్టి ఒక్క యతి కుదిరితే సరిపోదు!

పటమట పెద్దాయన:
కడలి నీరు వచ్చి మడిలోన నిలిచెను
వేడి గాలి తగిలి వెడలె నావి
తెల్ల ముత్తెమల్లె తేలెను తళుకుగా
కరిగినట్టి యుప్పు గట్టిపడియె

నిర్వాహకుడు: కడలి–మడి ప్రాసయతి హాయిగా ఉంది బాబాయిగారూ. కానీ మీరు సమస్యను తప్పించుకున్నారు. నీరు పోయాక మిగిలేది కరిగిన ఉప్పు ఎలా అవుతుంది? కరిగి ఉండగానే గట్టిపడాలి, చిక్కంతా అక్కడే.

సత్యనారాయణపురం అక్కయ్య:
సోడియమ్ము చుట్టు జోరుగా నీరమ్ము
ఆక్సిజను ముఖమున నాని నిలువ
ఋణపుటయను చెంత నిమిడె హైడ్రోజనుల్
కరిగినట్టి యుప్పు గట్టిపడియె

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు: భేష్ అమ్మా! విషయం సరిగ్గా పట్టారు. నీటి అణువులో ఆక్సిజన్ కొస కాస్త ఋణం, హైడ్రోజన్ కొసలు కాస్త ధనం. అందుకే ధనావేశమున్న సోడియం వైపు ఒక ముఖం, ఋణావేశమున్న క్లోరైడ్ వైపు మరో ముఖం పెడుతుంది. ఒక మోల్ (సుమారు 58 గ్రాములు) ఉప్పు స్ఫటికాన్ని విడి అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా, లాగాలంటే సుమారు 787 కిలోజౌళ్ల శక్తి కావాలి. నీళ్లు చుట్టూ చేరినప్పుడు దాదాపు అంతా తిరిగొస్తుంది, తేడా నాలుగు కిలోజౌళ్లే. ఆ కాస్త లోటునూ పెరిగిన ఎంట్రోపీ (కణాల చెల్లాచెదురుతనం) పూడుస్తుంది. పైగా అయాన్ల మధ్య ఆకర్షణ నీటిలో దాదాపు 80వ వంతుకు పడిపోతుంది. ఇక అవి మళ్లీ అతుక్కోవడానికి తొందరేముంది? గట్టిపడడమంటే ఇక్కడ కరిగిన స్థితిలోనే స్థిరంగా కుదురుకోవడమన్నమాట. ఒక్క "నిలువ" దగ్గరే నాకు పేచీ. సోడియం పక్కన ఏ నీటి అణువూ నానోసెకను (సెకనులో వందకోట్లో వంతు) మించి నిలవదు. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.

నిర్వాహకుడు: "జోరుగా" యతి కోసం తెచ్చిన మాట. అయాన్ "అయను" అయింది, గణం కోసం పోనిద్దాం. "నీరమ్ము / ఆక్సిజను" విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) మాత్రం చెవికి తగులుతోంది. ఇలా మారిస్తే?
సోడియమ్ము జేరి చుట్టిన నీటణు
లాక్సిజను ముఖమున నాని నిలువ

అక్కయ్య: గురులు, తరులు లాగే అణులు అన్నమాట. సరే, తీసుకుంటున్నా. "నిలువ" మార్చను మాస్టారూ. మనిషి మారినా కాపలా నిలిచినట్టేగా!

కొత్తపేట కుర్రాడు, గుంటూరు:
కిరసనాయిలందు గింజైన కరుగదు
నీట వేసి చూడ నిమిషమేల
ధ్రువములున్న చోట దొరికెను నెలవులు
కరిగినట్టి యుప్పు గట్టిపడియె

పెద్దాయన: కిరసనాయిలు దాకా ఎందుకు బాబూ, ఆవకాయ జాడీ చూడు. కలిపిన రోజు నూనెలో ఉప్పు పంటికింద కరకరలాడుతుంది. మూడోనాడు ముక్క ఊట వదిలాక, తిరగకలిపేటప్పుడు కనబడదు.

లెక్చరర్: నూనెలో అయాన్లను ఆదుకునేంత ధ్రువాలు, అంటే ఆ ధన ఋణ కొసలు, లేవు, ఊటలో ఉన్నది నీరు. అంతే తేడా. కానీ "ధ్రువములు" అంటే పాఠకుడు ఉత్తర దక్షిణాలే అనుకుంటాడు. మూడో పాదం మళ్లీ రాయి.

కుర్రాడు: రాత్రికి పంపుతా సార్. "దొరికెను" వదులుకోలేను, యతి అక్కడే ఉంది.