ఒకే లైట్ డోసుకి ఎ431 క్యాన్సర్ కణం చస్తోంది, మామూలు ఫైబ్రోబ్లాస్ట్ బతుకుతోంది. ఎందుకు?

ప్రశ్న:
5-ఏఎల్ఏ (కాంతి చికిత్సలో వాడే మందు, అమైనోలెవులినిక్ ఆమ్లం) 1 మిల్లీమోలార్, సీరం (రక్తపు ద్రవభాగం) ఉన్న మీడియంలో 4 గంటలు. తర్వాత 635 నానోమీటర్ల ఎర్ర ఎల్ఈడీ, చదరపు సెంటీమీటరుకి 5 జౌళ్లు. 24 గంటలకి ఎంటీటీ (బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే పరీక్ష). ఎ431 చర్మ క్యాన్సర్ కణాలు దాదాపు మిగలట్లేదు, చర్మపు ఫైబ్రోబ్లాస్టులకి (చర్మానికి ఆధారమిచ్చే మామూలు కణాలు) ఏమీ కావట్లేదు. ఈ చికిత్స క్యాన్సర్ కణాలనే చంపుతుందని రాసేయొచ్చా?

జవాబు 1:
అప్పుడే రాయకండి. ఏఎల్ఏ తనంతట తాను ఎర్ర కాంతిని పట్టుకోదు. దాన్నుంచి కణం తయారుచేసుకునే ప్రోటోపార్ఫిరిన్-9 పట్టుకుంటుంది. ఫెరోకెలటేజ్ ఎంజైము అందులో ఇనుము చేరిస్తే హీమ్ అవుతుంది, ఇక కాంతికి స్పందించదు. చాలా క్యాన్సర్ కణాల్లో ఈ మెట్టు మందకొడిగా ఉండి, పార్ఫిరిన్ పేరుకుంటుంది. అందుకే ముందు దాన్ని కొలవండి: 405 నానోమీటర్ల కాంతి వేసి, 635 దగ్గర అది వెలిగే వెలుగును చదివి, కణాల ప్రోటీన్ మొత్తంతో భాగించండి. ఫైబ్రోబ్లాస్టుల్లో తక్కువుంటే డెఫెరాక్సమిన్‌తో ఇనుమును కట్టేసి మళ్లీ చేయండి. పార్ఫిరిన్ పెరిగి అవీ చస్తే, తేడా పేరుకోవడంలోనే ఉంది. పార్ఫిరిన్ సమానంగా ఉండీ బతికితే గ్లూటాథయోన్ లాంటి రక్షణల వైపు చూడాలి.

కణాల సాంద్రత కూడా సరిచూడండి. ఒత్తుగా పెరిగిన కణాల్లో ఒక్కో కణానికి పార్ఫిరిన్ ఎక్కువ చేరుతుంది.

జవాబు 2:
సీరం తీసేయండి. అందులోని ఆల్బుమిన్ పార్ఫిరిన్‌ను కణంలోంచి బయటికి లాగేస్తుంది. పార్ఫిరిన్‌ను బయటికి తోసే ఏబీసీజీ2 పంపు ఎక్కువున్న కణాలకైతే ఈ నష్టం మరీ ఎక్కువ, కేఓ143 అనే నిరోధకంతో ఆ పంపును ఆపి చూడొచ్చు. ఏఎల్ఏ హైడ్రోక్లోరైడ్ ఆమ్లం. కలపగానే మీడియం గులాబీ నుంచి పసుపుకి తిరిగితే పీహెచ్ పడిపోయినట్టే. 7.4కి సరిచేసి వెంటనే వాడండి. తటస్థ పీహెచ్‌లో అది నిలవదు, నిన్నటి ద్రావణం పనికిరాదు.

జవాబు 3:
ఎల్ఈడీ మీద రాసిన అంకెను నమ్మకండి, వెల్ (కణాలున్న ప్లేటు గుంట) అడుగు ఎత్తులో పవర్ మీటర్ పెట్టి కొలవండి. చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీవాట్లు వస్తే 5 జౌళ్లకి 500 సెకన్లు. తొందరపడి తీవ్రత బాగా పెంచితే, కణాన్ని చంపడానికి కావాల్సిన ఆక్సిజన్ అయిపోయి అదే డోసు తక్కువ చంపుతుంది. మందు మాత్రమే, కాంతి మాత్రమే, రెండూ లేనివి: ఈ మూడు కంట్రోళ్లూ ఉండాలి. ప్లేటును రేకులో చుట్టండి, గది లైటు కూడా కణాలకి చేటే.

అన్నిటికన్నా పెద్ద లోపం జతలో ఉంది. ఎ431 పైచర్మం కణం, ఫైబ్రోబ్లాస్ట్ లోపలి చర్మానిది. మీరు చూస్తున్నది క్యాన్సర్ తేడానా, కణజాతి తేడానా అన్నది ఈ జతతో తేలదు. క్యాన్సర్ కాని కెరటినోసైట్లు (పైచర్మం కణాలు), కనీసం హకాట్ అనే ల్యాబ్ కణాలు, పోలికకి పక్కన పెట్టండి. ఎంటీటీతో పాటు కాలనీ పరీక్ష (కణాలు మళ్లీ పెరిగి గుంపులు కడతాయా అని చూసేది) కూడా చేయండి. పార్ఫిరిన్ పుట్టేది మైటోకాండ్రియాలో, ఎంటీటీ రంగు కొంత వచ్చేదీ అక్కడే. కణం చావకముందే రంగు తగ్గొచ్చు.