తిమ్మన కందంలో ఆ ‘తో’ ఎవరి పక్షం?

(నలుగురు మిత్రుల మాటలివి. ముందరి ఊరు, నది, కోట పేర్లు వాళ్లవే.)

అనంతపురం: ఆదివారం పిల్లలకు చెస్ క్లాసు. తెల్లపావులాయన మంత్రి ముందరి బంటును డి4 గడికి తోస్తే నల్లవాళ్ల జవాబేమిటన్నది పాఠం. బోర్డు మీద, కృష్ణరాయల కొలువులో చదరంగమాడిన బొడ్డుచర్ల తిమ్మన మీది కందం రాద్దామని కూర్చుంటే మూడో పాదంలో ఆగింది. ‘చతురంగ మాడి’ తర్వాత గెలుచునా, గెల్చునా?

తుంగభద్ర: రెండూ నిలుస్తాయి సార్. ఒకటి నలం (నాలుగు లఘువులు), ఒకటి భగణం (గురువు, రెండు లఘువులు), కందంలో రెండూ చెల్లుతాయి. చిక్కంతా రెండో పాదం చివర.

శతసంఖ్యు లొక్కటైనను
సతతము శ్రీకృష్ణరాయ జగతీపతితో
చతురంగ మాడి గెలుచును
ధృతిమంతుడు బొడ్డుచర్ల తిమ్మన బళిరా

ఆ ‘తో’ ఎదురాటా, జోడీ ఆటా? ‘వాడితో క్యారమ్స్ ఆడినా’ అంటే వాడు నా జోడీ అయినా కావచ్చు. రాయలు, తిమ్మన ఒకవైపు, నూరుమంది ఒకవైపు అని నా లెక్క. ‘సతతము’ రాజు ఓడతాడని కొలువులో ఎవరు పాడతారు?

పెన్నేరు: జోడీ అయితే ‘బళిరా’ రాయలకు పడాల గదా స్వామీ! నూరుమంది రాజు పక్కన చేరి ఎత్తులు చెప్పినా తిమ్మనదే గెలుపు. ఓడిన రాజే కొప్పోలు అగ్రహారమిచ్చినాడంటారు. చాటువు రుచి అక్కడే ఉంది.

తుంగభద్ర: ‘ఒక్కటైనను’ అన్నాడు గానీ, రాజుతో ఒక్కటైనారని అనలేదే.

అనంతపురం: నూరుమంది సంగతి సరే, నాకు నూరుమంది పిల్లలు లేరు. తెల్ల డి4, నల్ల డి5, తెల్ల సి4 పడంగానే అందరూ ఆ సి4 బంటును తినేస్తున్నారు.

గండికోట: తిననీ, దాచుకోకుంటే చాలు. తెల్ల ఈ3 తర్వాత నల్లవాళ్లు ఆ తిన్న బంటును బి5తో కాపాడబోతే తెల్ల ఏ4 వస్తుంది. సి6 అని ఆనిస్తారు, బి5లో బంట్లు మారతాయి, తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తుంది. ఏ8లో ఏనుగు గతి చూడండి! దానికి గుర్రాన్నో శకటు(బిషప్)నో అడ్డమేసి పోగొట్టుకోవాల్సిందే. తినకుండా ఈ6 ఆడితే కోట గట్టిదే గానీ సి8 శకటు ఇంట్లోనే బందీ. నేనైతే పిల్లలకు సి6 చెప్తా, శకటుకు దారి ఉంటుంది. ఇంకో ముచ్చట: బంటును తినే ఈ ఆటను 1512లోనే పోర్చుగీసు డమియానో రోములో అచ్చేసినాడు. రాయలు గద్దెనెక్కి అప్పటికి మూడేళ్లు.

తుంగభద్ర: తిమ్మనకు ఆ గొడవ ఉండదులెండి. పాత చతురంగంలో మంత్రి మూలగా ఒక్క గడే కదిలేది, ఎఫ్3కి ఎట్లా ఎగురుతుంది? నూరుమంది ఒక్కటవడమంటే 1999లో చెస్ ఛాంపియన్ కాస్పరోవ్ మీద ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా ఓట్లేసి ఆడినట్టు. అక్కడా ఒక్కడే గెలిచినాడు.

గండికోట: ఆయన అందులో ఈ4 ఆడినాడన్నా. క్లాసు డి4 మీద.

పెన్నేరు: అదంతా వదలండి. నాలుగో పాదం యతి చూసినారా? ‘ధృ’కు ‘తి’. ఋకారానికి ఇకారంతో మైత్రి పెట్టి ఎంత సులువుగా దాటించినాడు! ఎవరు కట్టినారో గానీ చెయ్యి తిరిగినవాడే.

గండికోట: అయినా పెద్దన ముందు ఇదెంత? రాయలు పోయినాక ఆయన ఏడుస్తూ చెప్పిన ‘ఎదురైనచో దన మదకరీంద్రము డిగ్గి’ సీసం చదివితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అందులోని కోకటం ఊరు మా కమలాపురం దగ్గరే.

పెన్నేరు: కడపోళ్లకు కోకటం రాకుండా పొద్దు పోదు. రాయలిచ్చినవి ‘కోకటగ్రామాద్యనేకాగ్రహారంబులు’ అన్నాడు పెద్దన, ఒక్క కోకటమే కాదు.

గండికోట: ‘ఆది’ అన్నాడు కదా, మొదలు మాదే. ఆటకు ఒక్క ఊరు, పద్యానికి అనేకం. రాయల లెక్క మాకు అర్థమైంది.

తుంగభద్ర: ‘ఆది’ అంటే మొదలైన అని. మొదటిది అని కాదు.

అనంతపురం: నేను గెలుచును అనే రాసేస్తున్నా. ‘తో’ సంగతి పిల్లలడిగితే మీ నంబరే ఇస్తా తుంగభద్ర సార్.

తుంగభద్ర: ఇవ్వండి. జోడీ అనే చెప్తా.