లిబ్రేఆఫీస్‌లో రాసేవాళ్లు అసలు ఫైలు డాక్స్‌లో దాచాలా, ఓడీటీలోనా?

పుటంచు:
లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో రాసి, మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవాళ్లకు పంపేవాళ్ల సంగతే అడుగుతున్నా. డాక్స్ (.docx) వర్డ్ ఫైలు రకం, ఓడీటీ (.odt) లిబ్రేఆఫీస్ సొంత రకం. నా మటుకు మొదటి రోజు నుంచీ డాక్సే. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లోకి వెళ్లి ‘ఆల్వేస్ సేవ్ యాజ్’ దగ్గర వర్డ్ ఫార్మాట్ ఎంచుకోండి. పక్కనే ఉండే హెచ్చరిక టిక్కు తీసేస్తే సేవ్ చేసిన ప్రతిసారీ ‘ఈ ఫార్మాట్‌లోనే ఉంచాలా’ అనే ప్రశ్న రాదు. ఒకే పత్రానికి రెండు ఫైళ్లు పెట్టుకుంటే ఏది తాజాదో తెలీక పాతదాన్ని దిద్దుకుంటూ కూర్చుంటారు.

గుణింతం:
ఒప్పుకోను. లిబ్రేఆఫీస్‌లో పత్రాలు రాసే భాగమైన రైటర్‌లో పేజీ స్టైల్ (పేజీ హెడరు, అంచులు, దిశ కలిపి ఒక పేరుతో పెట్టుకునే అమరిక) అనేది ఉంది, వర్డ్‌లో లేదు. అక్కడ ఉన్నవి సెక్షన్లు, అంటే పత్రాన్ని విడదీసే భాగాలు. అధ్యాయానికో హెడరు, మధ్యలో ఒక అడ్డం పేజీ ఉన్న పత్రాన్ని డాక్స్‌గా దాచి, మూసి, మళ్లీ తెరిచి చూడండి. మీరు పెట్టిన స్టైల్ పేర్లు పోయి ‘కన్వర్టెడ్1’, ‘కన్వర్టెడ్2’ అని వరుసగా కనబడతాయి. ఒక్కసారికి పరవాలేదు. పదిసార్లు అటూ ఇటూ తిరిగాక ఏ హెడరు ఏ స్టైల్‌దో వెతకడమే పనవుతుంది. అసలు ఫైలు ఓడీటీలో ఉండాలి. పంపేటప్పుడు మాత్రం ‘సేవ్ ఎ కాపీ’తో డాక్స్ తీయండి. తెరిచి ఉన్నది ఓడీటీగానే ఉంటుంది కాబట్టి పాత ఫైలు దిద్దే ప్రమాదమూ తక్కువ.

పైగా డాక్స్ కూడా 2008లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైందంటారు గానీ, అందులో స్ట్రిక్ట్ (కచ్చితమైనది), ట్రాన్సిషనల్ (పాత వర్డ్ పద్ధతులను ఉండనిచ్చేది) అని రెండు రకాలున్నాయి. వర్డ్ మామూలుగా దాచేది రెండోదే. ఓడీటీ చేరిన ఓడీఎఫ్ ఫార్మాట్ల కుటుంబం 2006 నుంచే ప్రమాణం.

వట్రసుడి:
మీ ఇద్దరూ ఫార్మాట్‌ను తిడుతున్నారు గానీ, పేజీలు చెదరడానికి ఎక్కువసార్లు కారణం ఫాంటే. ఎదుటి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది, అక్షరాల వెడల్పు మారుతుంది, 10 పేజీలు 11 అవుతాయి. ఇంగ్లిష్‌కు విరుగుడు ఉంది: కాలిబ్రి కొలతలకు కార్లిటో, కేంబ్రియాకు కాలడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ సరిగ్గా సరిపోతాయి.

తెలుగుకు అంత తేలిక కాదు. రైటర్ తెలుగును ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ (అక్షరాలు కలిసి రూపు మారే లిపుల వర్గం) కింద లెక్కేస్తుంది. దానికి ఫాంటూ సైజూ విడిగా ఉంటాయి. ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్‌ను ఎడిట్ చేసి, ఫాంట్ ట్యాబ్‌లో ఆ భాగంలోనే పెట్టాలి. వరుసల ఎడం ‘ఫిక్స్‌డ్’ అని ఎప్పుడూ పెట్టకండి. 12 పాయింట్ల తెలుగుకు 14 పాయింట్ల ఎడం బిగిస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో కిందికి దిగే ఒత్తులు తెగుతాయి, లేదా కింది వరుస గుడుల మీద పడతాయి. ‘ప్రపోర్షనల్’ కానీ ‘ఎట్ లీస్ట్’ కానీ వాడండి. ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్‌లో ‘ఎంబెడ్ ఫాంట్స్’ టిక్కు పెట్టి, కింద ‘కాంప్లెక్స్’ కూడా టిక్కు ఉందో లేదో చూడండి. అది లేకపోతే తెలుగు ఫాంటు ఫైలు వెంట వెళ్లదు.

పుటంచు:
ఫాంటు మాట నిజమే. కానీ అవతలివాళ్లు ట్రాక్ చేంజెస్‌తో (ప్రతి దిద్దుబాటూ గుర్తుగా కనబడే పద్ధతిలో) దిద్ది తిప్పి పంపే పత్రం సంగతేంటి? గుణింతం గారి పద్ధతిలో వచ్చిన ప్రతి డాక్స్‌నూ మళ్లీ ఓడీటీలోకి ఎక్కించాలి. మూడు విడతల దిద్దుబాట్లయితే మూడుసార్లు. దానికంటే మొదటినుంచీ డాక్స్‌లో ఉండి, పేజీ స్టైల్స్ జోలికి పోకపోవడం మేలు.

గుణింతం:
దిద్దుబాట్లు అటూ ఇటూ తిరుగుతున్నన్నాళ్లూ డాక్స్ ఉండనివ్వండి, అంతవరకు ఒప్పుకుంటా. అది ముగిశాక హెడర్లు, పేజీ స్టైల్స్ ఓడీటీలో వేసుకోవచ్చు. చదవడానికి మాత్రమే పంపేదైతే డాక్స్ కూడా అక్కర్లేదు. పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో ‘హైబ్రిడ్ పీడీఎఫ్’ టిక్కు పెడితే ఓడీటీ కూడా అదే ఫైల్లో ఉంటుంది. చదివేవాళ్లకు పీడీఎఫ్‌లా కనబడుతుంది, లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోవచ్చు.

వట్రసుడి:
హైబ్రిడ్ పంపేముందు ఒక పని తప్పకుండా చేయండి. లోపలున్నది పూర్తి ఓడీటీ కాబట్టి, ట్రాక్ చేంజెస్‌లో కొట్టేసిన వాక్యాలూ, పక్కన రాసుకున్న కామెంట్లూ అవతలివాళ్లకు చేరిపోతాయి. ముందు ఒక కాపీ తీసి, ఎడిట్, ట్రాక్ చేంజెస్, ‘యాక్సెప్ట్ ఆల్’ కొట్టి, కామెంట్లు తీసేసి, ఆ కాపీనే ఎక్స్‌పోర్ట్ చేయండి.