ట్రై బైకు మీద వంగగానే సీటు ముక్కు మీదికి జారిపోతున్నాను, ముందు ఏది మార్చాలి?

పాలకొల్లు_పెడల్

అందరికీ నమస్కారమండి. సెకండ్ హ్యాండ్‌లో ట్రై బైకు (ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ పోటీలకి వాడే సైకిలు) తీసుకున్నాను. గురి గోవా 70.3 అనే ట్రయాథ్లాన్ పోటీ మీద. అంటే 90 కిలోమీటర్లు ఏరోబార్ల (మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి వంగి పట్టుకునే ముందు కమ్మీలు) మీద ఉండి, దిగాక 21 కిలోమీటర్లు పరిగెత్తగలగాలి. ఇప్పటికి ఇరవై నిమిషాలు కూడా నిలవడం లేదు.

కొలతలు ఇవి: ఎత్తు 172 సెం.మీ., కాలి లోపలి పొడుగు 80. క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) 172.5 మి.మీ. బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు ఉండే చోటు) మధ్య నుంచి సీటు పైకి 72 సెం.మీ. సీటు ముక్కు బాటమ్ బ్రాకెట్‌కి 6 సెం.మీ. వెనక ఉంది. సీటు మట్టం నుంచి మోచేతి ప్యాడ్ల మట్టానికి 13 సెం.మీ. దిగుడు. సీటు రోడ్ బైకులకి వచ్చే పొడుగు ముక్కుదే, రసమట్టం పెట్టి సమంగా బిగించాను.

పది నిమిషాలకి ముక్కు మీదికి జారతాను, కాసేపటికి తిమ్మిరి. భుజాలు, మెడ పట్టేస్తాయి. పెడల్ పైకి వచ్చినప్పుడు తొడ పొట్టకి తగిలి మోకాలు బయటికి పోతుంది. ప్యాడ్లు లేపితే గాలికి ఎదురవుతానేమోనని వాటి జోలికి వెళ్ళలేదు. ఇంట్లో ట్రైనర్ ఉంది. ఎక్కడ మొదలెట్టమంటారు?

గౌతమిగట్టు

ఆయ్, కొలతలు ఇంత వివరంగా ఇచ్చారు కాబట్టి సూటిగా చెప్పొచ్చు. మీ నాలుగు బాధలకీ మూలం ఒక్కటే: సీటు వెనక్కి ఉంది, ప్యాడ్లు కిందికి ఉన్నాయి. అలా ఉంటే నడుం దగ్గర మడత మూసుకుపోతుంది, తొడ పైకి రావడానికి చోటుండదు. ఆ చోటు కోసం ఒళ్ళు తనంతట తానే ముందుకి జరుగుతుంది. అక్కడ ఉన్నది సన్నటి ముక్కు, కాబట్టి బరువు ఎముకల మీద కాకుండా మధ్యలో నరం మీద పడుతుంది. ముందుకి జారిన బరువుని ఆపడానికి చేతులు ఎదురు తోస్తాయి, దాంతో భుజాలూ మెడా పట్టేస్తాయి. కాబట్టి జెల్ కవరు, మెత్తటి ప్యాడ్లు కొనకండి. అవి దీనికి మందు కాదు.

వరస మాత్రం తప్పొద్దండి: సీటు ఎత్తు, సీటు ముందూ వెనకా, దాని వంపు, ఆ తర్వాతే ప్యాడ్లు. ప్యాడ్లతో మొదలెడితే సీటు జరిపిన ప్రతిసారీ చేసిందంతా మళ్ళీ చేయాలి.

అన్నిటికంటే ముందు ట్రైనర్ మీద సైకిలు మట్టంగా నిలబడాలి. వరండాలోగాని డాబా మీదగాని పెట్టారంటే గచ్చుకి నీళ్ళు పోయే వాలు ఉంటుంది. నేల నుంచి రెండు ఇరుసులూ ఒకే ఎత్తున్నా సైకిలు వాలినట్టే. మేస్త్రీలు వాడే పారదర్శకపు నీళ్ళ గొట్టం ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి పట్టి చూడండి, ముందు చక్రం కింద చెక్క ముక్కలు పెట్టి సరిచేయండి. ఇక్కడ ఒక డిగ్రీ తేడా ఉంటే సీటు వంపు కొలత మొత్తం తప్పుతుంది.

సీటు ఎత్తు: కాలి పొడుగు 80ని 0.883తో గుణిస్తే 70.6 సెం.మీ. ఇది సైకిల్ రేసర్ లెమాండ్ పేరుతో చెప్పే పాత లెక్క, మొదలెట్టడానికి మాత్రమే. మీది 72, దాదాపు సెంటీమీటరున్నర ఎక్కువ. 70.5కి దించి, కాలు అడుగుకి చేరినప్పుడు మోకాలి వంపు చూడండి. ఆగి ఉన్నప్పుడు 25 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. తొక్కుతుండగా వీడియోలో చూస్తే కొంచెం ఎక్కువ కనిపిస్తుంది, 35–40 అయినా పరవాలేదు. తుంటి పక్క ఎముక, మోకాలి బయటి ఎముక, చీలమండ, భుజం, మోచేయి – ఈ ఐదు చోట్లా రంగు టేపు ముక్కలు అతికించి, ఫోన్ను తుంటి ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో సరిగ్గా పక్కన పెట్టి స్లో మోషన్ తీయండి. ఫోన్ కొంచెం ముందుకో వెనక్కో ఉన్నా కోణాలు అబద్ధం చెబుతాయి. వెనక నుంచి కూడా ఒకటి తీయండి. తుంటి అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఇంకా ఎత్తుగా ఉన్నట్టే.

తర్వాత సీటు ముందుకి. ముక్కుకి దారం వేలాడదీసి కింద నట్టు కట్టండి, దారానికీ బాటమ్ బ్రాకెట్ మధ్యకీ ఎంత దూరమో చూడండి. 6 నుంచి 2 సెం.మీ.కి తీసుకురండి, ఒకేసారి కాదు, సెంటీమీటరు చొప్పున. ముందుకి జరిపినకొద్దీ సీటు బాటమ్ బ్రాకెట్‌కి దగ్గరవుతుంది కాబట్టి ఒక్కో సెంటీమీటరుకి రెండు మూడు మి.మీ. పైకి లేపాలి. సీటు కింది కమ్మీల మీద గీతలుంటాయి, వాటిని దాటి వంపు మీద క్లాంపు బిగించొద్దు. కార్బన్ కమ్మీలైతే అక్కడే పగులుతాయి. చోటు చాలకపోతే సీట్‌పోస్ట్ (సీటుని నిలబెట్టే గొట్టం) తల తిప్పి బిగించే వీలుందేమో చూడండి, ట్రై బైకులు చాలావాటికి ఉంటుంది.

టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే సైకిల్ రేసు) ఫొటోలు చూసి సీటు వెనక్కి పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య) రేసుల్లో సీటు ముక్కు బాటమ్ బ్రాకెట్‌కి 5 సెం.మీ. వెనక ఉండాలన్న నిబంధన వల్ల ఏళ్ళ తరబడి వాళ్ళు అలా కూర్చున్నారు. మన 70.3కి ఆ కట్టుబాటు లేదు. రోడ్ బైకు సీటు కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటే ట్రై బైకుని 76–80 మీద కట్టేదే ఇందుకు: ఒళ్ళంతా బాటమ్ బ్రాకెట్ చుట్టూ ముందుకి తిరిగితే, వంగినా నడుం మడత తెరిచే ఉంటుంది.

ఇక ప్యాడ్లు. సీటు 4 సెం.మీ. ముందుకి వచ్చింది కాబట్టి ప్యాడ్లు కూడా దాదాపు అంతే ముందుకి పోవాలి. ఇది చాలామంది మర్చిపోతారు, సీటు జరిపి "ఇరుకైపోయింది" అని మళ్ళీ వెనక్కి తెస్తారు. మోచేతి నుంచి భుజం దాకా ఎముక పందిరి గుంజలా దాదాపు నిటారుగా, పిసరంత ముందుకి వాలి ఉండాలి. గుంజ నిటారుగా ఉంటే బరువు అదే మోస్తుంది, ఎక్కువ వాలితే కండ మోయాలి. ప్యాడు మోచేతి మొన కింద కాకుండా రెండు మూడు సెం.మీ. ముందు, ముంజేతి కండ కింద ఉండాలి.

దిగుడు 13 నుంచి 7 లేదా 8కి తగ్గించండి. గాలి గురించి మీ భయానికి జవాబు: 13 సెం.మీ. దిగుడులో ఇరవై నిమిషాలుండి మిగతా దారంతా లేచి కూర్చుంటే గాలికి ఎదురయ్యేది అప్పుడే. భుజాలు వదిలేసి, తల రెండు భుజాల మధ్యకి దింపి మూడు గంటలు ఉండగల 8 సెం.మీ. దాని కంటే నయం. మెడ కుదుటపడ్డాక నెలకో 5 మి.మీ. దించుకోవచ్చు.

కాకినాడ_క్రాంక్

గౌతమిగట్టు గారు చెప్పిన వరసే సరైనది. రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది సీటు వంపు. పొడుగు ముక్కు సీటుని సమంగా ఉంచి ఏరోబార్ల మీద వంగితే కటి ముందుకి తిరిగి ముక్కు పైకి పొడుస్తుంది. ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించండి. రసమట్టం సీటు మొత్తం మీద పెట్టకండి, వెనక తోక లేచి ఉంటే లెక్క తప్పుతుంది. మీరు నిజంగా కూర్చునే ముందు సగం మీద గట్టి స్కేలు పెట్టి దాని మీద కొలవండి. మూడు డిగ్రీలు దాటితే మళ్ళీ జారుడే, బరువు చేతుల మీదికి వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి ఉంటే చీలిన ముక్కు సీటు, ఐఎస్ఎం కంపెనీది లాంటిది, పెట్టండి. దాని మీద కూర్చునేది కొస మీదే కాబట్టి బిగించేటప్పుడు మామూలు సీటు ముక్కు ఉన్న చోటు కంటే మూడు నాలుగు సెం.మీ. వెనక్కి ఉండాలి. పాత గుర్తుకే బిగించి "ఇదీ బాగోలేదు" అని అమ్మేసుకునేవాళ్ళు ఎక్కువ.

రెండోది క్రాంకు. 80 సెం.మీ. కాలికి, ఏరో పొజిషన్‌లో (ఏరోబార్ల మీద వంగినప్పుడు), 172.5 పొడుగే. 165 వేస్తే సీటు 7.5 మి.మీ. పైకి లేపుతారు, పెడల్ పైనున్నప్పుడు క్రాంకు ఇంకో 7.5 మి.మీ. కిందే ఆగుతుంది. అంటే తుంటికీ పై పెడల్‌కీ మధ్య 15 మి.మీ. చోటు దొరుకుతుంది. తొడ పొట్టకి తగలడం, మోకాలు బయటికి పోవడం చాలావరకు దీనితో పోతాయి. శక్తి తగ్గుతుందన్న భయం అక్కర్లేదు, గేరు ఒకటి తేలిక చేసుకుని కాడెన్స్ (నిమిషానికి పెడల్ తిరిగే చుట్లు) కాస్త పెంచితే సరిపోతుంది. కొనేముందు మీ బాటమ్ బ్రాకెట్‌కి ఏ ఇరుసు సైజు పడుతుందో చూసుకోండి, 24 మి.మీ., 30 మి.మీ. ఒకదానికొకటి నేరుగా పట్టవు.

గౌతమిగట్టు

క్రాంకు విషయంలో ఒప్పుకుంటాను గానీ, ముందే డబ్బు పెట్టొద్దండి. సీటు, ప్యాడ్లు జరపడానికి ఖర్చేమీ లేదు. రెండు వారాలు చూసి, పై పెడల్ దగ్గర ఇంకా తట్టుకుంటుంటే అప్పుడు 165.

పాలకొల్లు_పెడల్

చాలా ఉపకారమండి. ప్యాడ్లు 5 సెం.మీ. లేపడానికి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) కింద స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) వేయాలా, ప్యాడ్ల కిందా? రెండోది, ఇంట్లో సరిపోయినది రోడ్డు మీద ఎన్నాళ్ళకి వాడొచ్చు?

చించినాడ_ఎదురుగాలి

ప్యాడ్ల కిందే. స్టెమ్ లేపితే బ్రేకులుండే కింది హ్యాండిల్ కూడా లేస్తుంది, ఫోర్కు గొట్టం కోసేసి ఉంటే అసలు కుదరదు. ప్యాడ్లకీ కింది హ్యాండిల్‌కీ మధ్య మీ బ్రాండు రైజర్లు (ఎత్తు పెంచే ముక్కలు) వేయండి, వాటితోపాటు పొడుగు బోల్టులు తప్పనిసరి. పాత పొట్టి బోల్టుతో రెండు మరలే పట్టి, గతుకులో ప్యాడు ఊడిపోతే ముఖం నేరుగా రోడ్డు మీదికే. లోపల కనీసం 8 మి.మీ. మర పట్టాలి. అల్యూమినియం భాగాల్లోకి పోయే బోల్టులకి గ్రీజు రాయండి. కార్బన్ సీట్‌పోస్టుకి గ్రీజు వద్దు, కార్బన్ పేస్టు రాసి టార్క్ రెంచితో, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, భాగం మీద వేరే అంకె రాసి ఉంటే అదే. మూడు రైడ్ల తర్వాత మళ్ళీ బిగువు చూడండి. సీట్‌పోస్టు చుట్టూ ఇన్సులేషన్ టేపు గుర్తుగా వేస్తే జారిందో లేదో వెంటనే తెలుస్తుంది.

మన ఉక్కలో ఇంకో సంగతి ఉంది. ఏరో పొజిషన్‌లో తల సరిగ్గా స్టెమ్ మీదకి వస్తుంది, చెమటంతా హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) మీదా ప్యాడ్ బోల్టుల మీదా కారుతుంది. ట్రైనర్ మీదయితే ఇంకా ఎక్కువ. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి దానికి తోడు. నెల తిరగకుండానే స్టీలు బోల్టు తుప్పు పట్టి అలెన్ కీ గుంట అరిగిపోతుంది, పొజిషన్ మార్చాలన్నా మారదు. తొక్కేటప్పుడు స్టెమ్ మీద తువ్వాలు కప్పండి, దిగగానే మంచినీళ్ళతో తడిపి తుడవండి.

అలవాటుకి: మొదటి వారం ట్రైనర్ మీద ఐదు నిమిషాలు ప్యాడ్ల మీద, ఐదు కింది హ్యాండిల్ మీద, అలా అరగంట. మూడో వారానికి ఒక్క పట్టున ఇరవై. ఒకసారి ఒక్కటే మార్చండి, అదీ 5 మి.మీ. లోపు (మొదటి పెద్ద దిద్దుబాటు వేరు), నోట్‌బుక్కులో రాసుకోండి.

డెల్టాకే ప్రత్యేకమైన ఇబ్బంది చెప్తాను. రావులపాలెం నుంచి అమలాపురం దాకా వంతెనలు తప్ప ఎక్కుడూ దిగుడూ లేదు. కొండ ఉన్న చోట ఎక్కేటప్పుడు మనిషి లేచి నిలబడతాడు, దిగేటప్పుడు కాళ్ళు ఆపుతాడు, సీటు మీద ఒత్తిడి అలా తీరుతుంది. ఇక్కడ గంటసేపు ఒకే చోట, ఒకే ఒత్తిడి. అందుకని వాచీలో పది నిమిషాలకో అలారం పెట్టుకుని పదిహేను సెకన్లు నిలబడి తొక్కండి. పొజిషన్ ఎంత బాగున్నా ఇది చేయాల్సిందే. దిగాక గంటల తరబడి తిమ్మిరి వదలకపోతే సైకిల్ ఆపి డాక్టరుకి చూపించండి.

రోడ్డు మీద బ్రేకులు కింది హ్యాండిల్‌కే ఉంటాయని మర్చిపోవద్దు. కాలవగట్టు రోడ్ల మీద, ఊళ్ళలో, రంగు లేని స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్యాడ్ల మీద ఉండకండి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం సన్నటి టైరుకి గోలీల్లాంటిది. ఏరో సాధనకి 216 హైవే మీద తెల్లారగట్ల, తేరిపార కనిపించే వెలుగు వచ్చాక. చించినాడ వంతెన ఎక్కితే వశిష్ట మీద అడ్డగాలి కొడుతుంది, లోతు రిమ్ము ముందు చక్రానికి ఉంటే కింది హ్యాండిల్‌కి వచ్చేయండి.

రాజోలు_రోడ్‌బైక్

ఇదే వరస రోడ్ బైకుకి క్లిప్-ఆన్లు (విడిగా బిగించుకునే ఏరోబార్లు) వేసుకున్నవాళ్ళకీ పనికొస్తుందాండీ?

కాకినాడ_క్రాంక్

సగం వరకేనండి. వెనక్కి వంపు లేని సీట్‌పోస్టు వేసి సీటు రెండు సెం.మీ. ముందుకి తేవచ్చు, అంతకు మించితే బరువంతా ముందు చక్రం మీద పడి హ్యాండిల్ తత్తరపడుతుంది. రోడ్ బైకు పొడుగు స్టెమ్‌తో చేతులు మరీ చాస్తారు, రెండు సెం.మీ. పొట్టిది వేయండి. క్లాంపు హ్యాండిల్ మధ్యలో గుండ్రంగా 31.8 మి.మీ. ఉన్న చోటే పట్టాలి. హ్యాండిల్ కార్బన్‌దైతే తయారీదారు క్లిప్-ఆన్లకి ఒప్పుకున్నాడో లేదో ముందు చూడండి, ఒప్పుకోకపోతే అల్యూమినియం హ్యాండిల్‌కి మార్చాకే బిగించండి.