సామలకు ముద్ర ముందా, మర ముందా?

మెంటాడ రైతు:
మెట్టలో రెండెకరాల సామ. మూడేళ్లుగా ఎరువు బస్తా గానీ పురుగుమందు గానీ ముట్టలేదు. పశువుల గెత్తం, జీవామృతం, అంతే. ఇప్పుడు అయిదుగురం గ్రూపు కట్టి పీజీఎస్ అనే సేంద్రియ పంట సర్టిఫికెట్ తెచ్చుకుందామని మావాళ్లు. ఆ డబ్బూ ఆ తిరుగుడూ పొట్టు తీసే మరకి పెడదామని నేను. ఏటంటారు?

విశాఖ కొట్టు:
ముద్రే ముందండీ. అందరూ ఆర్గానిక్ అనే అంటారు, నేనెవర్ని నమ్మాలి? పీజీఎస్‌లో ఒకరి చేను ఒకరు చూసుకోవడమే కదా, పెద్ద ఖర్చేం కాదు.

మెంటాడ రైతు:
నేరుగా తినేవాళ్లకి అమ్ముకునే చిన్న రైతుకి సర్టిఫికెట్ అక్కర్లేదని 2017 సేంద్రియ ఆహార నిబంధనల్లోనే మినహాయింపు ఉంది బాబూ. సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు, అంతే.

విశాఖ కొట్టు:
నా కొట్టుకిస్తే అది నేరుగా అమ్మినట్టు కాదుగా!

చీపురుపల్లి చోడి:
అసలు సామలెందుకు? చోళ్ళు, అదే రాగులు, వేయండి. పొట్టు గొడవే లేదు, నూర్చి, తూర్పారబట్టి, పిండిమరకి పట్టుకెళ్లడమే. 2025–26లో క్వింటాకి 4,886 రూపాయల మద్దతు ధర కూడా కట్టారు. సామకి కేంద్రం ధరే కట్టలేదు. మన విజయనగరం పరిశోధన కేంద్రం ఇచ్చిన వేగావతి రకం చోడి వేసి చూడండి.

మెంటాడ రైతు:
చోడి పల్లంలో వేస్తున్నానండీ. ఈ గరప నేల మీద మాత్రం సామే నిలబడతాది.

పాతపట్నం కోడలు:
మా ఇంట్లో సామ ఆగిపోయింది ధర లేక కాదు, దంచేవాళ్లు లేక. మా అత్త తెల్లారకముందే కుందిలో పోసి దంచేది. చెరగడం, మళ్లీ దంచడం, మళ్లీ చెరగడం. ఇంత చేస్తే పూట కూటికి సరిపోయే బియ్యం. ఆవిడ భుజం నొప్పికి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇంకోటి, పొట్టుతో ఉంటే సామ ఏళ్లు నిలవుంటుంది. పొట్టు తీశాక తవుడులో నూనె ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకే చేదెక్కుతుంది. పాలిష్ పడితే నిలవుంటుంది గానీ, ఇంక సామ తినడం దేనికి? మర ఊళ్లో ఉంటే కావలసినప్పుడు కావలసినంత ఆడించుకోవచ్చు.

విశాఖ కొట్టు:
ఒప్పుకున్నా. అదే మరలో ముందురోజు ఎరువేసిన చేను సామ ఆడిస్తే? గొట్టాల్లో మిగిలిన గింజలు మీ బస్తాలోకే వస్తాయి. అప్పుడు చేను ఎంత శుద్ధంగా ఉంటే ఏం లాభం?

మెంటాడ రైతు:
ఇది నాకు తట్టలేదు. మనవి ఆడించే ముందు మర విప్పి ఊడ్చి, మొదటి కుంచెడూ కోళ్లకి వేసేస్తే సరి. ఎప్పుడు ఎవరివి ఆడించామో పుస్తకంలో రాసుకుంటాం. రేపు ముద్రకి వెళ్లినా ఆ పుస్తకం అడుగుతారు కదా. మర ముందన్న మాట మాత్రం మార్చుకోను.

పాతపట్నం కోడలు:
రోడ్డు మీద ఆరబోయకండి, టార్పాలిన్ వేయండి. ఇసుక రేణువు పంటి కింద పడితే మళ్లీ కొనరు.

చీపురుపల్లి చోడి:
సరే, మర పెట్టే పాకకి త్రీ ఫేజ్ కరెంటు ఉందా? అది చూడకుండా మర కొన్నవాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును. అద్దంలో రోజూ కనిపిస్తాడు.